కోడలిని ఏడిపించే దుంప పుట్టిన కొండలు

కోస్తాలో బంగాళాదుంప అంటాం, తెలంగాణలో ఆలుగడ్డ అంటారు, రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు. పేరు ఏదైతేనేం, చెప్పకుండా చుట్టాలు దిగినప్పుడు ఇల్లాలి పరువు కాపాడేది ఆ దుంపే. వేపుడు, కుర్మా, బజ్జీ, పూరీలోకి కూర, ఎలా వండినా కాదనదు. ఇంతగా మన వంటింటి మనిషైపోయిన ఈ దుంప మన దేశంలో పుట్టింది కాదు. పోర్చుగీసు వాళ్ళ ఓడల పుణ్యమా అని కొన్ని వందల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చింది. దీని పుట్టిల్లు మాత్రం దక్షిణ అమెరికా ఖండంలోని ఆండీస్ పర్వతాలు.

ఆ పుట్టింట్లో దీనికి ఒకటీ రెండూ కాదు, నాలుగు వేలకు పైగా రకాలున్నాయి. నల్లనివి, ఊదా రంగువి, ఎర్రచారల వాళ్ళు, కోస్తే లోపల పువ్వు విచ్చినట్టు కనిపించేవి. వాటిలో ఒక రకం ఒళ్ళంతా బుడిపెలతో, గుంటలతో ఉంటుంది. దానికి అక్కడి కెచువా భాషలో ఉన్న పేరుకి అర్థం ఏమిటో తెలుసా? ‘కోడలిని ఏడిపించేది’ అని! కొత్త కోడలు ఇంటికి రాగానే అత్తగారు ఆ దుంపను చేతికిచ్చి, కండ పోకుండా పల్చగా తొక్క తీయమనేదట. ఆ బుడిపెల సందుల్లో కత్తి తిప్పలేక కోడలికి కళ్ళనీళ్ళు వచ్చేవట. అత్తగారి పరీక్షలు ఏ దేశమైనా ఒకటే అన్నమాట!

ఒక్క దుంపలో ఇన్ని రకాలు ఎందుకొచ్చాయి? దానికి జవాబు ఆ కొండల తీరులోనే ఉంది. ఆండీస్‌లో ఇల్లాలు ఏం వండాలి, ఏం కట్టాలి, ఏం పండించాలి అన్నది ఆమె ఇల్లు ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతే ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ఖండానికి వెన్నెముక

పిల్లల అట్లాసు తెరిచి దక్షిణ అమెరికా పటం చూడండి. ఖండానికి ఎడమ అంచున పైనుంచి కింద దాకా ముదురు గోధుమరంగులో ఒక పట్టీ కనిపిస్తుంది. అదే ఆండీస్. పొడవు సుమారు 7,000 కిలోమీటర్లు. మన హిమాలయాల పొడవు దాదాపు 2,400 కిలోమీటర్లే. ఎత్తులో హిమాలయాలకి సాటి లేదు గానీ, నేలమీద ఇంత పొడవున సాగిన పర్వతాల వరుస మరొకటి లేదు. వెనెజులా, కొలంబియా, ఈక్వడార్, పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా, ఇలా ఏడు దేశాల మీదుగా వెళుతుంది. వీటిలో అన్నింటికన్నా ఎత్తయిన శిఖరం అర్జెంటీనాలోని అకన్‌కాగువా, 6,961 మీటర్లు. ఆసియా ఖండం బయట ఇంతకన్నా ఎత్తయిన శిఖరం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఈ కొండలు ఎలా లేచాయంటే, పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న నాజ్కా అనే భూఫలకం దక్షిణ అమెరికా ఫలకం కిందకి దూరుతోంది. ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల చొప్పున, కోట్ల ఏళ్ళుగా. మంచం కింద చాపను తోస్తుంటే అది ముడతలు పడి పైకి లేచినట్టు, ఇక్కడ నేల ముడతలు పడి లేచింది. కిందకి దూరిన చోట రాయి కరిగి అగ్నిపర్వతాలుగా పైకి తన్నుకొచ్చింది.

ఆ తోపులాట ఇప్పటికీ ఆగలేదు. అందుకే ఆ దేశాల వాళ్ళకి భూకంపం కొత్త కాదు. 1960లో చిలీలోని వాల్దీవియా దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 9.5. యంత్రాలతో కొలవడం మొదలయ్యాక ప్రపంచంలో ఇంత పెద్దది ఇంకోటి రాలేదు. 1970 మే 31న పెరూలో భూకంపం వచ్చినప్పుడు హువాస్కరాన్ శిఖరం మీది మంచూ రాళ్ళూ విరిగి కిందికి దూకి, యుంగాయ్ అనే ఊరినే కప్పేశాయి. ఊళ్ళో ఎత్తుగా ఉన్న శ్మశానం గుట్ట మీదకి పరుగెత్తిన కొందరూ, ఊరి చివర సర్కస్ చూడ్డానికి వెళ్ళిన పిల్లలూ బతికి బయటపడ్డారు. ఆ భూకంపంలో మొత్తం 70,000 మంది దాకా పోయారు. 1985 నవంబరులో కొలంబియాలో నెవాదో దెల్ రూయిస్ అనే అగ్నిపర్వతం పేలితే, దాని నెత్తిమీది మంచు కరిగి బురద వరదై ఆర్మేరో పట్టణం మీద పడింది. ఒక్క రాత్రిలో 20,000 మందికి పైగా చనిపోయారు. కొండనే నమ్ముకుని బతుకుతూ, కొండకే భయపడుతూ ఉండటం వాళ్ళకి తరతరాల అలవాటు.

మెట్లు మెట్లుగా లోకాలు

కొండ ఎక్కేకొద్దీ చల్లబడుతుందని మనకి తెలుసు. లెక్కకి చెప్పాలంటే ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరు ఏడు డిగ్రీల వేడి తగ్గుతుంది. మన ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంటేనే స్వెట్టర్లు తీస్తాం. ఆండీస్‌లో దానికి రెట్టింపు ఎత్తున కూడా ఊళ్ళున్నాయి, బడులున్నాయి, సంతలున్నాయి.

పెరూ దేశపు భూగోళ శాస్త్రవేత్త హవియర్ పుల్గర్ విదాల్ తన దేశాన్ని ఎత్తును బట్టి ఎనిమిది ప్రాంతాలుగా విడదీశాడు. ఆ పేర్లు ఆయన పుట్టించినవి కావు, చాలావరకు అక్కడి పల్లెజనం వాడుకలో ఉన్నవే. సముద్రపు ఒడ్డు నుంచి కొండ ఎక్కుతూ పోతే వచ్చే మెట్లు ఇవి.

కింద సముద్రపు ఒడ్డున ‘చాలా’. అక్కడ ఎడారి. దాని పైన 500 నుంచి 2,300 మీటర్ల దాకా ‘యుంగా’. వెచ్చని లోయలు. చెరకు, అవకాడో, సీతాఫలం జాతికి చెందిన చెరిమోయా పండ్లు ఇక్కడివి. 2,300 నుంచి 3,500 దాకా ‘కెచువా’. హాయైన వాతావరణం, మొక్కజొన్నకి కాణాచి. కొండ మెట్లలో జనాలు ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఇంకాల రాజధాని కుస్కో 3,400 మీటర్ల దగ్గర ఈ మెట్టు మీదే ఉంది. ఆ పైన 4,000 దాకా ‘సుని’. బంగాళాదుంప, కినోవా పండే చోటు. ఆ పైన 4,800 దాకా ‘పునా’. చెట్టు మొలవని చలి నేల. ఇచు అనే గరుకు గడ్డి, దాన్ని మేసే లామాలు, అల్పకాలు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ పైనంతా ‘హాంకా’. మంచు, రాయి. శిఖరం దాటి తూర్పుకి దిగితే ‘రూపా రూపా’ అనే వేడి కొండవాలు, చివరికి ‘ఒమాగువా’ అనే అమెజాన్ అడవి.

చూశారా, ఒక్క కొండ ఎక్కి దిగితే సముద్రం, ఎడారి, తోట, పొలం, పచ్చిక, మంచు, అడవి అన్నీ వరసగా వచ్చేస్తాయి. మనం వానాకాలం ఒక పంట, చలికాలం ఒక పంట అని కాలాన్ని బట్టి వేసుకుంటాం. వాళ్ళు ఎత్తును బట్టి కూడా వేసుకుంటారు.

అందుకే పాత కాలం నుంచీ అక్కడి కుటుంబాలు ఒకే చోట పెద్ద పొలం కన్నా, వేరువేరు ఎత్తుల్లో చిన్న చిన్న చెక్కలు ఉండేలా చూసుకుంటాయి. కింద కాస్త మొక్కజొన్న, పైన కాస్త దుంప, ఇంకా పైన నాలుగు లామాలు. ఒక మెట్టు మీద మంచు కురిసి పంట పోతే ఇంకో మెట్టు అన్నం పెడుతుంది. పైవాళ్ళు ఎండు మాంసం, ఉన్ని తెచ్చి కిందివాళ్ళ మొక్కజొన్నతో మార్చుకుంటారు. పొలం పనుల్లో ఒకరికొకరు సాయం పట్టుకోవడాన్ని ‘ఐని’ అంటారు. మన పల్లెల్లో బదుళ్ళకి వెళ్ళడం లాంటిదే. ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు.

ఉత్తరాన: నీటిని దాచుకునే మొక్కలు

చెప్పుకునే వీలు కోసం ఆండీస్‌ని ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలుగా చేసుకుందాం. ఉత్తర భాగంలో వెనెజులా, కొలంబియా, ఈక్వడార్ ఉన్నాయి.

కొలంబియాలోకి వచ్చేసరికి ఆండీస్ జడపాయల్లా మూడుగా విడిపోతుంది. పడమటి పాయ, నడిమి పాయ, తూర్పు పాయ. పాయల సందుల్లోంచి కౌకా, మగ్దలేనా నదులు ఉత్తరానికి పారుతుంటాయి. కాఫీ తోటల్లో ఎక్కువ భాగం ఈ కొండవాలుల్లోనే. ప్రపంచానికి పేరుమోసిన పచ్చలు దొరికేది తూర్పు పాయలో. రాజధాని బొగొటా 2,640 మీటర్ల ఎత్తున ఉంది.

ఈ దేశాల్లో చెట్లు ఆగిపోయే ఎత్తుకీ మంచు మొదలయ్యే ఎత్తుకీ మధ్య ‘పారమో’ అనే తడి నేల ఉంటుంది. ఎప్పుడూ పొగమంచు, సన్న తుంపర. అక్కడ ఫ్రైలెహోన్ అనే మొక్క పెరుగుతుంది. దూరం నుంచి చూస్తే కంబళి కప్పుకున్న మనిషి నిలబడ్డట్టు ఉంటుంది. నూగు ఆకులతో పొగమంచులోని తేమను పట్టుకుని, వేళ్ళ దగ్గరి నాచు నేలలోకి దించుతుంది. ఆ నేల స్పంజిలా నీటిని పట్టి ఉంచి, చినుకు చినుకుగా వాగుల్లోకి వదులుతుంది. బొగొటా నగరం తాగే నీళ్ళలో ఎక్కువ భాగం చింగాసా అనే పారమో నుంచే వస్తాయి. 2023, 2024 సంవత్సరాల్లో అక్కడ వానలు తగ్గి జలాశయాలు అడుగంటాయి. 2024 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాది పాటు బొగొటాలో వంతులవారీగా నీళ్ళు ఆపాల్సి వచ్చింది. ఇవాళ మా పేటకి నీళ్ళు రావు అని బిందెలు నింపి పెట్టుకోవడం మనకే కాదు, ఆ ఇల్లాళ్ళకీ వచ్చింది.

ఈక్వడార్‌లో రెండు వరసల అగ్నిపర్వతాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. వాటి నడుమ లోయలో రాజధాని క్విటో, 2,850 మీటర్లు. జర్మనీ నుంచి వచ్చిన యాత్రికుడు హంబోల్ట్ ఆ లోయకి ‘అగ్నిపర్వతాల బాట’ అని పేరు పెట్టాడంటారు. అక్కడి చింబొరాజో శిఖరం ఎత్తు 6,263 మీటర్లే. అయినా దానికో గొప్ప ఉంది. భూమి నడిమిభాగంలో కాస్త ఉబ్బి ఉంటుంది కదా, చింబొరాజో దాదాపు భూమధ్యరేఖ మీదే ఉంది. అందుకని భూకేంద్రం నుంచి కొలిస్తే ఎవరెస్టు కన్నా దీని కొనే ఎక్కువ దూరంలో ఉంటుంది.

క్విటో చలిలో ఇంటింటా చేసుకునే సూపు ‘లోక్రో’. మనమూ చేసుకోవచ్చు. అర కిలో బంగాళాదుంపలు తొక్క తీసి ముక్కలు కోసుకోండి. నూనెలో ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు జీలకర్ర పొడి వేయించి, ముక్కలు వేసి కలిపి, మునిగేదాకా నీళ్ళు పోసి ఉడికించండి. సగం ముక్కలు గరిటెతో మెదిపి, గ్లాసు పాలు, ఉప్పు వేసి చిన్న మంట మీద ఐదు నిమిషాలుంచి, చివర చిదిమిన పనీర్ చల్లండి. అక్కడివాళ్ళు రంగు కోసం జాఫ్రా గింజలు వేసి, పైన అవకాడో ముక్కలు పెడతారు. పిల్లలు ఇష్టంగా తాగుతారు.

నడుమ: నీళ్ళు మరిగినా ఉడకని అన్నం

పెరూ, బొలీవియాల దగ్గర ఆండీస్ బాగా వెడల్పవుతుంది. రెండు కొండల వరసల మధ్య అల్టిప్లానో అనే పీఠభూమి ఉంది. 3,800 మీటర్ల ఎత్తున పళ్ళెంలా పరుచుకున్న నేల. అందులో టిటికాకా సరస్సు. సముద్రం అనుకునేంత పెద్దది, 8,000 చదరపు కిలోమీటర్లకు పైనే. సగం పెరూది, సగం బొలీవియాది. ఊరోస్ అనే జనం తోతోరా తుంగను మోపులు కట్టి, నీళ్ళ మీద తేలే దీవులు చేసుకుని, వాటి మీదే గుడిసెలేసుకుని ఉంటారు. కింది తుంగ కుళ్ళేకొద్దీ పైన కొత్తది పరుస్తూ ఉండాలి. అదే సరస్సులో తకీలే అని ఇంకో దీవి. అక్కడ ఆడవాళ్ళు నూలు వడికి బట్టలు నేస్తే, ఊలు టోపీలు అల్లేది మగవాళ్ళు! నడుస్తూ, కబుర్లు చెప్పుకుంటూ సూదులు ఆడిస్తూనే ఉంటారు. టోపీ రంగును బట్టి పెళ్ళయినవాడో కానివాడో చెప్పేయొచ్చు. ఆ దీవి నేతపనికి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

బొలీవియా ప్రభుత్వం నడిచే నగరం లాపాజ్ 3,600 మీటర్ల ఎత్తున పెద్ద గిన్నె లాంటి లోయలో ఉంది. గిన్నె అంచున 4,100 మీటర్ల దగ్గర ఎల్ ఆల్టో అనే మరో నగరం. మన దగ్గర కొండ మీద బంగళా అంటే గొప్పవాళ్ళదనుకుంటాం. లాపాజ్‌లో దానికి తిరగబడి ఉంటుంది. కింద గాలి కాస్త చిక్కగా, వెచ్చగా ఉంటుంది కాబట్టి డబ్బున్నవాళ్ళు లోయ అడుగున ఉంటారు. చలిలో, పల్చటి గాలిలో అంచు మీద ఉండేది బీదవాళ్ళు. ఈ రెండింటినీ కలుపుతూ 2014లో తీగ మీద నడిచే కేబుల్ కార్లు మొదలుపెట్టారు. మనం సిటీబస్సు ఎక్కినట్టు వాళ్ళు అవి ఎక్కి పనులకి వెళ్తారు.

అంత ఎత్తులో వంట ఒక పెద్ద సమస్య. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. మన దగ్గర 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు లాపాజ్‌లో 88 డిగ్రీలకే తెర్లిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు. దాంతో అన్నం పలుకు మిగిలిపోతుంది, పప్పు, చిక్కుడు గింజలు గంటల తరబడి ఉడకవు. ప్రెషర్ కుక్కర్ మనకి తీరిక మిగిల్చే వస్తువైతే, వాళ్ళకి అది లేకపోతే పొయ్యి మీద పప్పే ఉడకదు.

మరి కుక్కర్లు లేని కాలంలో? దానికి ఆ తల్లులు వేల ఏళ్ళ కిందటే ఉపాయం కనిపెట్టారు. అదే ‘చున్యో’. జూన్, జూలై నెలల్లో పునాలో రాత్రిపూట నీళ్ళు గడ్డకట్టే చలి, పగలు మాడ్చే ఎండ. దుంపలను రాత్రి ఆరుబయట పరిస్తే గడ్డకడతాయి. పొద్దెక్కాక కరుగుతాయి. అప్పుడు ఇంటిల్లిపాదీ ఉత్త కాళ్ళతో తొక్కి నీరంతా పిండేస్తారు. ఇలా కొన్ని రోజులు చేసి ఎండబెడితే, మన ఒడియాల్లా గట్టిపడి తేలికైపోతాయి. కొన్ని ఏళ్ళు నిలవుంటాయి. అంత చలికి తట్టుకునే దుంప రకాలు చేదుగా ఉంటాయి. ఈ పద్ధతిలో ఆ చేదూ పోతుంది. వానల్లేని ఏడు ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆ చున్యోనే.

పెరూలోనే అపురిమాక్ నది మీద కేస్వాచాకా అనే గడ్డి వంతెన ఉంది. ఇంకాల కాలం నుంచీ ఏటా జూన్‌లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి దాన్ని కొత్తగా కడతారు. ఆడవాళ్ళు గడ్డిని సన్నని పురులుగా పేనితే, మగవాళ్ళు వాటిని కలిపి లావాటి మోకులు చేసి నది మీద కడతారు. 2013లో దీనికీ యునెస్కో గుర్తింపు ఇచ్చింది. మన జడ అల్లినంత నేర్పుతో ఆ చేతులు పేనిన పురి మీద మనుషులు నది దాటుతున్నారు.

అన్నీ ఇలా అందంగానే ఉంటాయని కాదు. బొలీవియాలోని పొటోసీ నగరం 4,000 మీటర్ల ఎత్తున ఉంది. 1545లో అక్కడి కొండలో వెండి దొరికింది. స్పెయిన్ పాలకులు పల్లెల మగవాళ్ళను వంతులు వేసి గనుల్లోకి తోలారు. గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ళు, బయట పారబోసిన రాళ్ళకుప్పల్లో ఖనిజం ఏరుకుని పిల్లల్ని సాకడం ఈ కాలందాకా వచ్చింది. వాళ్ళని ‘పల్యిరి’లు అంటారు. ఆ పక్క జిల్లాల్లోనే ఉయునీ ఉప్పు మైదానం, 10,000 చదరపు కిలోమీటర్లకు పైగా తెల్లటి ఉప్పు. మన సెల్‌ఫోన్ల బ్యాటరీల్లో వాడే లిథియం దాని అడుగున బోలెడంత ఉందని ఇప్పుడు అందరి కళ్ళూ దానిమీదే పడ్డాయి.

దక్షిణాన: ఒక పక్క వాన, ఒక పక్క గాలి

ఇంకా కిందికి వెళితే ఆండీస్ చిలీ, అర్జెంటీనాల మధ్య సరిహద్దు గోడలా నిలబడుతుంది. చిలీ ఉత్తరాన అటకామా ఎడారి. ధ్రువాలను మినహాయిస్తే ప్రపంచంలో ఇంత పొడి చోటు లేదు. అమెజాన్ వైపు నుంచి వచ్చే తడిగాలిని ఆండీస్ గోడ ఆపేస్తుంది. సముద్రం వైపు చల్లటి నీటి ప్రవాహం వల్ల మబ్బు వానగా మారదు. మబ్బు లేని ఆకాశం కాబట్టే 5,000 మీటర్ల ఎత్తున ఆల్మా అనే పెద్ద టెలిస్కోపుల గుంపును అక్కడ పెట్టారు.

దక్షిణ కొస పటగోనియాలో ఇది తారుమారవుతుంది. అక్కడ గాలులు పడమటి సముద్రం నుంచి వీస్తాయి. అందుకని చిలీ వైపు కుండపోత వానలు, పచ్చటి అడవులు. కొండ దాటితే అర్జెంటీనా వైపు పొడి గాలి, ముళ్ళ పొదలు, గొర్రెలు. కొండల నెత్తిన మాత్రం పెద్ద మంచు మైదానం. దాన్నుంచి దిగే పెరీతో మొరేనో హిమానీనదం మేడంత మంచు గోడగా సరస్సులోకి విరిగి పడుతుంటే చూడ్డానికి దేశదేశాల జనం వస్తారు.

అకన్‌కాగువా శిఖరం గురించి ముందే చెప్పాను. మన పత్రిక చదివేవాళ్ళకి దాని గురించి చెప్పాల్సిన కథ ఇంకోటుంది. బొలీవియాలో ఐమరా తెగ ఆడవాళ్ళను ‘చోలీతా’లంటారు. కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా ఉండే వెడల్పాటి లంగా, రెండు జడలు, నెత్తిన గుండ్రటి టోపీ వాళ్ళ వేషం. ఒకప్పుడు ఆ లంగా కట్టుకుంటే హోటళ్ళలోకి రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళలో కొందరు పర్వతారోహకులకి శిబిరాల్లో వంట చేసిపెట్టేవారు, సామాను మోసేవారు. అందరికీ వండిపెట్టి పైకి పంపుతున్నాం గదా, ఆ పైన ఏముందో మనమూ చూద్దాం అనుకున్నారు. 2015లో 6,000 మీటర్లు దాటిన హువాయ్నా పొటోసీ ఎక్కారు. 2019 జనవరిలో ఐదుగురు అకన్‌కాగువా కొన మీద నిలబడ్డారు. లంగాలు మార్చుకోలేదు. ఆ లంగాలతోనే ఎక్కారు!

పైమెట్టు ఖాళీ అవుతోంది

ఇప్పుడు ఆ మెట్ల మీదికి కొత్త కష్టం వచ్చింది. భూమి వేడెక్కుతోంది. ఉష్ణమండలంలో ఉన్న హిమానీనదాల్లో 70 శాతం దాకా పెరూలోనే ఉన్నాయి. 1960ల నుంచి ఇప్పటికి ఆ మంచులో సగానికి పైగా పోయింది. లాపాజ్ దగ్గరి చకల్తాయా హిమానీనదం 2009కల్లా పూర్తిగా కరిగిపోయింది. ఒకప్పుడు జనం అక్కడ మంచు మీద జారే ఆటలు ఆడేవారు. వెనెజులాలో మిగిలిన ఆఖరి హిమానీనదం హంబోల్ట్ ఎంత చిన్నదైపోయిందంటే, 2024లో శాస్త్రవేత్తలు దాన్ని హిమానీనదాల లెక్కలోంచి తీసేశారు.

మంచు పోతే ఏమవుతుంది? వానలు లేని నెలల్లో వాగుల్లోకి కాసిని నీళ్ళు వదిలేది ఆ మంచే. కోటి మంది ఉన్న లిమా నగరం ఎడారి ఒడ్డున ఉంది. దాని నీళ్ళన్నీ ఆండీస్ నుంచే రావాలి. 2016 నవంబరులో లాపాజ్‌లో జలాశయాలు ఎండిపోయి ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ట్యాంకర్ల ముందు బకెట్లు పట్టుకుని వరసలో నిలబడింది ఎక్కువగా ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

పొలాల సంగతీ అంతే. వేడి పెరిగి తెగుళ్ళు పైకి పాకుతున్నాయి. తాతలు దుంపలు వేసిన మెట్టు మీద ఇప్పుడు అవి సరిగా రావడం లేదని, కుస్కో దగ్గరి రైతులు ఏటికేడు పైపైకి వెళ్ళి నాటుతున్నారు. అలా ఎంతదాకా ఎక్కుతారు? కొండకి కొన అంటూ ఒకటుంటుంది. అది దాటాక ఇంకో మెట్టు లేదు.

అందుకే ఆ రైతులు ఊరుకోలేదు. కుస్కో దగ్గర పిసాక్‌లో కెచువా ఊళ్ళు కొన్ని కలిసి ‘దుంపల వనం’ ఒకటి ఏర్పాటు చేసుకున్నాయి. వందల రకాల దుంపలు అక్కడ పండిస్తూ కాపాడుకుంటున్నారు. 1971లో లిమాలో మొదలైన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం వాళ్ళకి తోడుగా ఉంది. 2015లో ఆ ఊళ్ళవాళ్ళు తమ దుంపల విత్తనాలను నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవిలోని విత్తన భాండాగారంలో దాచారు. మన అమ్మమ్మలు కాకర, బీర విత్తనాలు బూడిదలో కలిపి చూరుకి కట్టినట్టు, రేపటి కోసం. ఏ దుంప విత్తనానికి ఉంచాలి, ఏది కూరకి, ఏది చున్యోకి అని ఏరి పెట్టేది అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళే.

మనకేమిటి సంబంధం?

అంత దూరాన ఎవరి కొండో కరిగితే మనకేమిటి అనిపించొచ్చు. పెరూ చేపలవాళ్ళు క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కడం గమనించి, దానికి బాల యేసు పేరు మీద ‘ఎల్ నీనో’ అని పేరు పెట్టారు. అది వచ్చిన ఏడు అల్టిప్లానోలో కరువు, పెరూ ఒడ్డున వరదలు, మన దగ్గర చాలాసార్లు నైరుతి రుతుపవనాలు బలహీనం. 2009, 2015 అలాంటి సంవత్సరాలే. వాళ్ళ సముద్రం వేడెక్కితే మన చెరువు నిండదు.

వంటింట్లో అయితే ఆ చుట్టరికం రోజూ కనిపిస్తుంది. టమాటా అడవి పూర్వీకులు ఈక్వడార్, పెరూల వైపువే. ఆ తర్వాత మెక్సికో వాళ్ళు దాన్ని పెంచి పెద్దకాయ చేశారు. వేరుశనగ ఆండీస్ తూర్పు పాదాల దగ్గర, బొలీవియా అర్జెంటీనాల మధ్య పుట్టింది. మిరప కుటుంబం కూడా ఆ పక్కదే అంటారు. మన గుంటూరు మిరపకాయ జాతి మాత్రం మెక్సికోలో సాగుకి వచ్చింది. ఇవేవీ లేని పూర్వకాలంలో మనవాళ్ళు కారానికి మిరియాలే వాడేవారు.

ఒకే రకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో కూడా ఈ దుంపే చెప్పింది. ఐర్లండు దేశం ఒకే రకం బంగాళాదుంప మీద ఆధారపడి ఉంటే, 1845లో తెగులు మొదలై పంట కుళ్ళి పది లక్షల మంది దాకా చనిపోయారు. ఇప్పుడు తెగుళ్ళకీ ఎండకీ తట్టుకునే కొత్త వంగడం కావాలంటే, శాస్త్రవేత్తలు వెతుక్కునేది ఆండీస్ పల్లెల్లోని ఆ వేల రకాల్లోనే. ఆ చలి మెట్ల మీద ఏ పేరూ లేని ఒక ఇల్లాలు వంకర దుంపను పారేయకుండా విత్తనానికి పక్కన పెడుతోంది. మన పిల్లల పూరీల్లోకి కూర ఉండాలంటే ఆమె మెట్టు చల్లగా ఉండాలి.